మల్లిగాడు ఎరిగిన గొంతు

మా మేనల్లుడు యల్లమంద కష్టపడి గెలుచుకున్న మొట్టమొదటి బహుమతి వెల్దుర్తి తిరునాళ్ళలో, రెండు పళ్ళ ఎడ్ల, అంటే లేత వయసు ఎడ్ల, బండలాగుడు పందెంలో వచ్చిన మూడో బహుమతి. మూడోదే గదా అని తీసిపారేయవద్దు. ముందురోజు వాన పడి బరి అంతా బురద అయింది. సగం దూరం లాగాక మోకు తెగింది. ఇక కాడి విప్పేస్తాడని అందరూ అనుకున్నారు. యల్లమంద బురదలో మోకాళ్ళ మీద కూలబడి, తెగిన కొసలు రెండూ పట్టి, పళ్ళతో లాగి ముడి వేసి, మళ్ళీ తోలాడు. అరచేతుల తోలు ఊడి మోకుకు అంటుకుంది. ఆ పందేనికి గడియారం పట్టుకున్నది నేనే గనక ఇది కళ్ళారా చూసిన మాట.

ఆ తర్వాత కారంపూడిలో రెండో బహుమతి, గురజాలలో నాలుగు పళ్ళ విభాగంలో మొదటిది, మాచర్లలో వరసగా రెండేళ్ళు మొదటిది. పెదకూరపాడు నుంచి పెద్ద రైతులు కార్లు వేసుకుని వచ్చి మా వాళ్ళ గిత్తలను చూసి, మేత ఏం పెడుతున్నారో అడిగి పోయేవారు. ఆ షీల్డులన్నీ ఇప్పుడు వాళ్ళ నడవలో గోడకు ఉన్నాయి. మా ఊరు వెల్దుర్తికి పడమర, కొండల మొదట్లో ఉంటుంది. నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ. అలాంటి ఊరి పేరు నాలుగు మండలాల్లో మైకులో వినిపించిందంటే ఆ కాడి వల్లనే.

కాడి వెనుక తోలేది యల్లమంద. గిత్తలను సాకి, అదిలించి, వాటి పక్కన నడుస్తూ పిలిచేది మాత్రం అతని అన్న బ్రహ్మయ్య. వలపటి గిత్త రాజుగాడు. దాపట, అంటే ఎడమ వైపు కట్టేది మల్లిగాడు. బలమంతా మల్లిగాడిదే.

బ్రహ్మయ్యకు ముప్పై దాటినప్పటి నుంచి ముక్కులో కండ పెరిగింది. రెండు పక్కలా మూసుకుపోయి నోటితోనే ఊపిరి. మాట కూడా మారిపోయింది. 'మ' అందామంటే 'బ' వచ్చేది, 'న' అందామంటే 'ద' వచ్చేది. నన్ను 'మావా' అని పిలిస్తే 'బావా' అని వినపడేది. కొత్తవాళ్ళు నన్ను అతని బావ అనుకునేవారు. పెళ్ళాన్ని 'శేషబ్బా' అనేవాడు. మల్లిగాడిని 'బల్లిగా' అనేవాడు.

"బావా, బల్లి గోడ మీదుండాలి గానీ కాడి కింద ఏందిరా" అని ఊళ్ళో వాళ్ళు ఏడిపిస్తే తానూ నవ్వేవాడు. ఆపరేషన్ చేయించుకోరా అంటే మాత్రం వినేవాడు కాదు. ముక్కులో కత్తి పెడితే గొంతు మారిపోతుందని, గొంతు మారితే గిత్తలు పలకవని అతని భయం. చివరి రెండేళ్ళూ పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. కిందటేడు ఎండాకాలంలో అలా కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

అప్పటి నుంచి మల్లిగాడు పలకలేదు. మేత వేస్తే తింటాడు, నీళ్ళు చూపితే తాగుతాడు. యల్లమంద "మల్లిగా" అని పిలిస్తే చెవి కూడా ఆడించడు. పక్కనున్న రాజుగాడు మాత్రం ఎవరు పిలిచినా లేచేవాడు. ఆ పేరులో ముక్కుతో పని లేదు గదా. ఇది ఇప్పుడు తెలిసి రాస్తున్నాను. అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు. గిత్తకు బెంగ అనుకున్నాం, దిష్టి అనుకున్నాం, వెల్దుర్తి పశువుల డాక్టరు చేత సూదులు కూడా వేయించాం.

మొన్న జనవరి నెలాఖరులో, మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, యల్లమంద మల్లిగాడికి ముకుతాడు మారుద్దామని కూర్చున్నాడు. పాత తాడు తీసి కొత్తది ముక్కులోకి దూర్చే వేళకు గిత్త తల విసిరింది. కొమ్ము మొదలు వచ్చి సరిగ్గా అతని ముక్కు మీద తగిలింది. కందికట్టె విరిచినట్టు చప్పుడైందని, వాకిట్లో ఉన్న కోటమ్మ చెప్పింది. కోటమ్మ యల్లమంద భార్య. తువ్వాలు తడిసిపోయేంత రక్తం.

గిత్తలకు నాడాలు కొట్టే గులాం మొహిద్దీన్ తన ఆటోలో నరసరావుపేట తీసుకుపోయాడు. పందెంలో రాజుగాడి పక్కన పరిగెత్తేది కూడా అతనే. అక్కడ ముక్కు డాక్టరమ్మ వందనగారు చూసి, ముక్కెముక విరిగింది, లోపలి గోడ పక్కకు జరిగింది, రెండు దారులూ మూసుకుపోయాయి అన్నది. వాపు తగ్గాక ఎముక సరిచేస్తాను, శివరాత్రి లోపు రావాలి, దాటిందంటే వంకరగానే అతుక్కుంటుంది, అప్పుడు మళ్ళీ విరగ్గొట్టాల్సి వస్తుంది అని గట్టిగా చెప్పి పంపింది.

మధ్యాహ్నం ఎండలో ఆటో వాకిట్లో ఆగింది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. యల్లమంద ముఖం గుమ్మడికాయలా ఉబ్బి, కళ్ళు సన్నటి గీతల్లా ఉన్నాయి. దిగుతూ, కొట్టం వైపు చూసి, తనను పడగొట్టిన గిత్తను తిట్టబోయాడు.

"ఓరే బల్లిగా..."

కొట్టంలో పడుకున్న మల్లిగాడు ఒక్క ఊపున లేచాడు. కట్టుగొయ్యకు తాడు బిగిసేదాకా ముందుకు వచ్చి, రెండు చెవులూ నిలబెట్టి, లోపల ఎక్కడో మూలిగినట్టు సన్నగా అరిచాడు. ఏడాది కావస్తోంది, ఆ అరుపు మేము విని.

యల్లమంద దగ్గరికి నడిచాడు. గిత్త అతని చేయి వాసన చూసింది, చొక్కా వాసన చూసింది, రెండడుగులు వెనక్కి తగ్గింది. తర్వాత అతని భుజం పక్కగా మెడ చాచి, అతని వెనక్కి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఎండ, ఆటో, అంతే. గిత్త మాత్రం అటే చూస్తూ నిలబడింది.

అదే ప్రహరీలో పక్క వాటాలో బ్రహ్మయ్య భార్య శేషమ్మ ఉంటుంది. ఆమె చెంబుతో నీళ్ళు పట్టుకుని బయటికి వచ్చింది. మొగుడు పొలం నుంచి వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చే అలవాటు. వచ్చి, కాళ్ళు కడుక్కునే రాయి దగ్గర చెంబు పెట్టి, పైట సర్దుకుని, అప్పుడు తలెత్తి మమ్మల్ని చూసింది. చెంబు అక్కడే వదిలేసి లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇక్కడి నుంచి, తప్పనిసరి అయిన చోట తప్ప, యల్లమంద మాటలను మామూలుగానే రాస్తాను. చదివేవారు ముక్కు మూసుకుని చదువుకోవాలి. అప్పుడే మేము ఏం విన్నామో మీకు తెలుస్తుంది.

ముక్కు మూసుకుపోతే ఎవరి మాటైనా అలానే వస్తుంది, ఒక తల్లి పిల్లల గొంతులు ఎలాగూ కలుస్తాయి, ఇందులో భయపడాల్సింది ఏముంది అని నేను అందరికీ చెప్పాను. డెబ్బై ఏళ్ళు దాటినవాడిని, పందేల్లో పెద్దమనిషిగా నలుగురికి తీర్పులు చెప్పినవాడిని, ఆ మాత్రం తెలియదా? పగటిపూట నలుగురిలో చెప్పేటప్పుడు ఆ మాట బాగానే ఉండేది. ఒక్కడినే వాళ్ళ గోడ పక్కగా పోతున్నప్పుడు అవతల నుంచి 'బావా' అని వినపడితే మాత్రం కాళ్ళు ఆగిపోయేవి.

మర్నాడు ఒకటి జరిగింది. బ్రహ్మయ్య సెల్‌ఫోను శేషమ్మే వాడుకుంటుంది, నంబరు పాతదే. నకరికల్లు నుంచి ఆమె మేనత్త పిచ్చమ్మ ఫోన్ చేసింది. శేషమ్మ కల్లంలో ఉండి, మోగుతూ ఉంటే యల్లమంద తీసి, "ఎవరు మాట్లాడేది" అన్నాడు. అవతల ఊపిరి వినిపించింది గానీ మాట లేదు. అతను మళ్ళీ అడిగాడు. ఫోను ఆగిపోయింది. సాయంత్రం మొహిద్దీన్‌కు పిచ్చమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "ఏం మనుషులయ్యా మీరు, పోయినోడి గొంతు ఫోన్లో పట్టి ఉంచుకుంటారా? మా అమ్మ పొద్దుట్నుంచీ మంచం దిగలా" అని తిట్టాడట.

అందరికంటే కష్టం కోటమ్మది. మా వైపు ఇళ్ళల్లో మొగుడి అన్న బావగారు. ఆయన గొంతు వినపడితే మరదలు కూర్చున్నచోట నుంచి లేస్తుంది, తలుపు పక్కకు తప్పుకుంటుంది. కోటమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలానే లేచింది. ఇప్పుడు మొగుడు మంచం మీద నుంచి నీళ్ళు అడిగినా లేచి నిలబడుతోంది. అన్నం తింటూ ఉంటే వెనుక నుంచి "కోటమ్మా" అన్నాడట, కంచం ముందు నుంచి లేచిపోయింది. మళ్ళీ కూర్చోలేకపోయింది.

"నేను కావాలని లేస్తన్నానా బాబాయ్? కాళ్ళు వాటంతట అయ్యే లేస్తన్నయ్యి" అని నా దగ్గర చెప్పుకుంది. "ఇంట్లో ఉండేది నా మొగుడు, మాట బావగారిది. ఒక గదిలో ఎట్టా పడుకునేది? వరండాలో పడుకుంటన్నా. ఎవరితోనన్నా చెప్పుకుంటే నవ్వుతారు."

"నవ్వేదేముందే, శివరాత్రి లోపు ఆపరేషన్ అయిపోద్ది గదా" అన్నాను.

"అయిద్దంటావా? ఆయన పోనంటన్నాడు."

అదీ అసలు సంగతి. శివరాత్రి మర్నాడు మాచర్ల దగ్గర పెద్ద పందెం ఉంది. ఇన్నాళ్ళుగా పడుకున్న మల్లిగాడు ఇప్పుడు పిలిస్తే లేస్తున్నాడు. ఆపరేషన్ చేయించుకుంటే గొంతు బాగుపడుతుంది, గిత్త మళ్ళీ పడుకుంటుంది. చేయించుకోకపోతే ముక్కు వంకరగా అతుక్కుని గొంతు ఇలానే ఉండిపోతుంది. యల్లమంద రెండోదానికే మొగ్గాడు. ఊళ్ళో మగవాళ్ళంతా అతని వైపే.

వేరే దారి లేదా అని చూడకపోలేదు. మొహిద్దీన్‌కు ఒక ఆలోచన వచ్చింది. గిత్తకు కావాల్సింది ముక్కు మూసుకున్న పిలుపే అయితే, ఎవరైనా ముక్కు మూసుకుని పిలవవచ్చు గదా. ఒక పొద్దున కొట్టం ముందు ఆరేడుగురు పెద్ద మనుషులు నిలబడి, రెండు వేళ్ళతో ముక్కులు పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు "బల్లిగా, బల్లిగా" అని పిలిచారు.

"ఒరేయ్, ఆంబోతుల్లా అరవబాకండ్రా, మెత్తగా పిలవండి" అన్నాను నేను.

"మెత్తగా పిలిస్తే నువ్వు పలుకుతన్నావు మావా, గిత్త పలకడంలా" అన్నాడు మొహిద్దీన్. "ఇంతకీ బల్లి ముక్కు మీద పడితే ఏం ఫలమో మీ పంచాంగంలో చూశావా?"

అందరం నవ్వాం. మల్లిగాడు మా వైపు చూడలేదు. గడ్డి నెమరు వేస్తూ పడుకున్నాడు. అప్పుడు ఇంట్లో నుంచి యల్లమంద మామూలుగా, "ఏందిరా ఆ గోల" అన్నాడు. గిత్త పేరు కూడా అనలేదు. మల్లిగాడు లేచి నిలబడ్డాడు. మా నవ్వులు ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు ముక్కుల మీద నుంచి చేతులు తీసి, పనులున్నట్టు వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత వాగు పక్క ఇసుకలో బండ కట్టి తోలి చూశాం. సాయంత్రం పొద్దు వాలే వేళ. కొండ నీడ సగం ఇసుక మీద పడింది. మొహిద్దీన్ రాజుగాడి పక్కన నిలబడ్డాడు. దాపటి పక్కన బ్రహ్మయ్య నడిచే చోటు ఖాళీ. యల్లమంద వెనుక పగ్గాలు పట్టుకున్నాడు. నోటితోనే ఊపిరి తీస్తున్నాడు, ముఖమంతా ఇంకా నీలంగా ఉంది. "బల్లిగా, హేయ్" అన్నాడు.

బండ కదిలింది. నేను ఎన్నో పందేలు చూశాను, నా పేరు చెప్పి గెలిచిన కాడులున్నాయి, కానీ అంత చప్పుడు లేకుండా బండ జరగడం చూడలేదు. ఇసుక చీరే శబ్దం తప్ప ఏమీ లేదు. మల్లిగాడు మెడ దించి, ఒళ్ళంతా బిగబట్టి లాగుతున్నాడు. అయితే కళ్ళు ముందుకు లేవు. పక్కనున్న ఖాళీ వైపు తిరిగి ఉన్నాయి. ఒక మనిషి నడిచేంత ఎడం వదిలి, ఆ ఎడాన్ని తొక్కకుండా, దానికి సరిగ్గా ఆనుకుని నడుస్తున్నాడు.

చివరికంటా లాగి ఆగాక మొహిద్దీన్ నా దగ్గరికి వచ్చాడు. నవ్వే మనిషి, నవ్వలేదు.

"మావా, నువ్వు పోయి ఆ పక్కన నిలబడు ఒకసారి" అన్నాడు.

"నువ్వే నిలబడు."

"నేను నిలబడను."

ఇద్దరం నిలబడలేదు. యల్లమంద గిత్తలను తోలుకుని ఇంటికి పోయాడు. మల్లిగాడి పక్కన ఖాళీ అలాగే నడిచింది.

ఆ మర్నాడు యల్లమంద నా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో మాట్లాడటం మానేశాడట, కోటమ్మ లేచి నిలబడుతుందని. సైగలతో కాలక్షేపం. నా దగ్గర మాత్రం చెప్పాడు.

"మావా, ముక్కు మూసుకుపోయినాక నా మాట నాకు బయట్నుంచి వినపడదు. బుర్రలో మోగుద్ది. కుండలో తలకాయ పెట్టి మాట్లాడినట్టు. అన్న లోపల కూర్చుని మాట్లాడినట్టే ఉంటది. నేను ఒక మాట అనబోతే, అది ఆయనకి ముందే తెలిసినట్టు ఉంటది."

"భయమేస్తందా?"

"భయమా? లేదు మావా. అన్న పోయినాక ఇప్పుడే నిమ్మళంగా ఉన్నా. ఈ గొంతు తీసేసుకోమంటే, ఆయన్ని రెండోసారి సాగనంపినట్టు."

మాచర్ల పందెం అయ్యాక చూద్దాంలే అన్నాను. నాకూ ఆ షీల్డు మీద ఆశ ఉంది, దాచడమెందుకు. నడవలో ఆ గోడకు ఇంకా చోటుంది.

శివరాత్రి నాలుగైదు రోజుల్లో ఉందనగా, ఒక పొద్దున శేషమ్మ మమ్మల్ని పిలిపించింది. నన్ను, యల్లమందను, కోటమ్మను. ఆమె యల్లమంద ఎదుట పడటం మానేసి అప్పటికి చాలా రోజులైంది. వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ముఖం కడుక్కుని, బొట్టులేని నుదురు తుడుచుకుని, ఎప్పటిలాగే ఉంది. గొంతు కూడా వణకలేదు.

"యల్లమందా, ఇయ్యాల తెల్లారేటప్పుడు నువ్వు యాడున్నావు?" అని అడిగింది.

"ఉలవలకి వెల్దుర్తి పోయినా వదినా. మొహిద్దీన్ ఆటోలో. ఇప్పుడే దిగుతున్నా."

"నాకు తెలుసు. ఆటో పోవటం చూశా." ఆమె నా వైపు తిరిగింది. "బాబాయ్, ఆటో పోయినాక నేను కల్లంలో కాయల మీద పట్టాలు తీస్తన్నా. మంచు పడి పట్టా అంతా తడి. కొట్టంలోంచి నన్ను పిలిచారు. పేరు పెట్టి. నేను ఆఁ వస్తన్నా అని పలికా కూడా. పట్టా కింద పడేసి పోయా."

"ఎవరున్నారు?" అంది కోటమ్మ.

"ఎవరూ లేరు. రాజుగాడు పడుకునున్నాడు. మల్లిగాడు లేచి నిలబడి మూలకి చూస్తన్నాడు. మేత మేయటంలా, నోరు మాత్రం ఆడిస్తన్నాడు."

నేను ఏదో అనబోయాను. మొగుడు పోయిన మనిషి, ఈ గొంతు గోలలో అలా వినపడి ఉంటుందని చెప్పబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఆగు బాబాయ్. చెప్పేది అది కాదు. పిలిచింది శేషబ్బా అని కాదు. శేషమ్మా అని."

వాకిట్లో కోడి ఒకటి కాళ్ళతో మట్టి గీరుతోంది. శేషమ్మ దాన్ని అదిలించి, మళ్ళీ మా వైపు తిరిగింది.

"నా పెళ్ళయిన కొత్తల్లో ఆయన అట్టానే పిలిచేవాడు. మ అని పెదాలు మూసి, శుభ్రంగా. ఆ తర్వాత గదా కండ పెరిగింది. ఆ పిలుపు నేను మర్చిపోయా అనుకున్నా. ఇయ్యాల విన్నాక తెలిసింది, మర్చిపోలా."

నేను గుర్తు తెచ్చుకుందామని చూశాను. నా చేతుల్లో పెరిగిన మేనల్లుడు. చిన్నప్పుడు నన్ను 'మావా' అని స్పష్టంగా పిలిచే ఉంటాడు. ఎంత వెతికినా 'బావా' అన్నదే వచ్చింది. అసలు గొంతులో ఒక్క పిలుపు కూడా నా దగ్గర మిగల్లేదు.

"యల్లమందా, నువ్వు అను" అంది శేషమ్మ. "నా పేరు అను."

మరిది వదిన పేరు పెట్టి పిలవడు. యల్లమంద జన్మలో ఆ పేరు పలికి ఉండడు. నా వైపు చూశాడు, నేను తల ఊపాను.

"శేషబ్బ" అన్నాడు.

"ఇంకోసారి."

పెదాలు రెండూ గట్టిగా మూసి, కళ్ళలో నీళ్ళు తిరిగేంత బలవంతంగా ప్రయత్నించాడు. "శేష... బ్బ."

కోటమ్మ అప్పటికే లేచి నిలబడింది.

"అదీ. నీకు రాదు. ఆ ముక్కుతో నీకు మ రాదు. పిలిచింది నువ్వు కాదు." శేషమ్మ గడప మీద నుంచి లేచింది. "మీరంతా దాన్ని ఆయన గొంతు, ఆయన గొంతు అంటన్నారు. అది ఆయన గొంతు కాదు, ఆయన జబ్బు. గోడకి ఆనుకుని నోరు తెరుచుకుని ఊపిరికి కొట్టుకునే మనిషి పక్కన ఎన్నేళ్ళు కూర్చున్నానో నాకు తెలుసు. మల్లిగాడు నోరులేనిది, దానికి ఆ జబ్బు గొంతే తెలుసు. మనకేమయింది? నువ్వు అట్టా మాట్లాడినప్పుడల్లా ఆయన ఇంకా గోడకి ఆనుకునే కూర్చున్నాడనిపిస్తంది. పో నాయనా. పోయి బాగుచేయించుకో. ఆయనకి ఊపిరి వచ్చింది. నువ్వెందుకు పోగొట్టుకుంటావు?"

మాచర్ల పందెం ముంగిట్లో ఉంది. ఆ ఒక్కసారికి ఆగుదామని యల్లమంద నోటి నుంచి వస్తుందేమోనని నేను చూశాను. అతను నోరు తెరిచి, ఆ గొంతు బయటికి రాకముందే మూసుకున్నాడు. కోటమ్మకు సైగ చేశాడు, బట్టలు సర్దమని.

మొహిద్దీన్ ఆటో తిప్పుకుని వచ్చాడు. ఎక్కేముందు యల్లమంద కొట్టం వైపు పోలేదు. గిత్తకు వినపడేలా ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆటో మలుపు తిరిగేదాకా మల్లిగాడు నిలబడే ఉన్నాడు. ఆటో వైపు కాదు. మూల వైపు.

శివరాత్రికి రెండు రోజుల ముందు ఆపరేషన్ అయింది. విరిగిన ఎముక కుదురుకుంది, లోపలి గోడ కూడా సరిచేసింది డాక్టరమ్మ. లోపల గుడ్డ పెట్టి ఉంచారు గనక గొంతు ఇంకా తెలియలేదు. ఊరికి మాత్రం ఇప్పుడే పంపను అన్నది. ఊళ్ళో ప్రతి కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి, పొలిమేరలో కాలు పెడితే తుమ్ము వస్తుంది, తుమ్మితే చేసిందంతా పోతుంది అని. అందుకని మొగుడూ పెళ్ళాలు నరసరావుపేటలోనే కోటమ్మ చెల్లెలి ఇంట్లో ఉన్నారు. మాచర్ల పందెం జరిగిపోయింది. మొదటి బహుమతి ఎవరికి వచ్చిందో నేను రాయను. మా కాడి దిగని పందెం నా లెక్కలోకి రాదు.

నిన్న కోటమ్మ ఫోన్ చేసింది. గుడ్డ తీశారట. మొదటి మాట ఏమన్నాడే అని అడిగాను.

"నా పేరే అన్నాడు బాబాయ్. కోటమ్మా అని."

"మరి లేచావా?"

"లేదు. కూర్చునే ఉన్నా." ఫోన్లో ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

గిత్త సంగతి కూడా రాయాలి. మల్లిగాడు మళ్ళీ పడుకున్నాడు. శేషమ్మ రోజూ పొద్దున్నే మేత వేసి, ఎదురుగా కూర్చుని, "మల్లిగా, మల్లిగా" అని పిలుస్తోంది. దానికి దాని పేరు కొత్తగా నేర్పుతున్నాను అంటుంది. ఇవాళ పొద్దున నేను అటుగా పోతూ, ఏమైనా పలికాడా అని అడిగాను.

"ఇయ్యాల చెవి తిప్పాడు బాబాయ్."

"పోనీలే, నీ పిలుపుకి అలవాటు పడుతున్నాడు."

ఆమె గడ్డి చేత పట్టుకుని కాసేపు నన్ను చూసింది. "నేను అప్పటికింకా పిలవలేదు" అంది.

ఈ సంగతి యల్లమందకు ఫోన్లో చెప్పలేదు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట. కల్లాల్లో కాయలు బస్తాలకెక్కి ఘాటు తగ్గాక డాక్టరమ్మ పంపుతానన్నది. అతను ఊరికి వచ్చేది ఫిబ్రవరి ఇరవై రెండో తేదీ, ఆదివారం.